పేరు గడి ఖాళీగా ఉంటే: జనన మరణ రిజిస్టర్లతో మన ఇంటి చరిత్ర



గత నెల ఎనిమిదో తరగతి పిల్లలకు సోషల్ ప్రాజెక్టుగా ఫ్యామిలీ ట్రీ ఇచ్చాం. చార్టులు చాలా ముచ్చటగా వచ్చాయి. కొందరు మామిడి చెట్టు గీశారు, కొందరు మర్రి చెట్టు గీసి ఊడలకు కూడా పేర్లు రాశారు. వాటిని దిద్దుతూ కూర్చున్నప్పుడు నాకు ఒక విషయం కనిపించింది. దాదాపు అన్ని చెట్లూ తాతయ్యల దగ్గరే ఆగిపోయాయి. ముత్తాత పేరు రాసినవాళ్లు కొందరు ఉన్నారు. ఆ ముత్తాత భార్య, అంటే తాతమ్మ పేరు రాసినవాళ్లు మాత్రం చాలా తక్కువ. ఆ పెట్టెలో కొందరు ప్రశ్నార్థకం పెట్టారు, కొందరు పువ్వు బొమ్మ వేసి వదిలేశారు.

చార్టులు తిరిగి ఇస్తున్నప్పుడు ఒక అమ్మాయి లేచి, "మేడం, మీ తాతమ్మ పేరేంటి?" అని అడిగింది. మా తాతయ్య వాళ్ల అమ్మ పేరు నాకు తెలియదు. పిల్లల ముందు అబద్ధం చెప్పలేక "తెలియదమ్మా, కనుక్కుని చెబుతాను" అన్నాను. ఆ మాట నిలబెట్టుకోవడానికి చేసిన ప్రయత్నంలో నేర్చుకున్నవే ఈ నెల మీతో పంచుకుంటున్నాను. సంక్రాంతికి చాలామంది సొంత ఊళ్లకు వెళతారు కాబట్టి ఇది చేసి చూడడానికి మంచి సమయం కూడా.

మొదటి రికార్డు ఇంట్లోనే ఉంటుంది

ఇంటి చరిత్ర అనగానే ఆఫీసు, రిజిస్టరు, ఇంటర్నెట్ గుర్తొస్తాయి. కానీ మొదలుపెట్టాల్సింది ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర. ఎనభై దాటిన వాళ్లు ఉంటే ఇంకా ముందుగా వాళ్ల దగ్గర. రిజిస్టరు వచ్చే ఏడాది కూడా ఉంటుంది. మనిషి జ్ఞాపకం అలా కాదు.

పిల్లలు అడగాల్సిన ప్రశ్నలు చిన్నవిగా ఉండాలి. "మన వంశ చరిత్ర చెప్పు తాతయ్యా" అంటే ఎవరికీ ఏమీ తోచదు. "మీ అమ్మగారిది ఏ ఊరు? మీకు ఊహ తెలిసేటప్పటికి ఇంట్లో ఎవరెవరు ఉండేవారు? ఎవరైనా చిన్నప్పుడే పోయారా?" అని అడిగితే ఒక మాట వెంట ఇంకో మాట వస్తుంది. ఫోన్‌లో రికార్డు చేసుకోండి, ముందుగా వాళ్లను అడిగి.

తర్వాత ట్రంకు పెట్టె వెతకండి. పాత పెళ్లి శుభలేఖలు, స్కూలు టీసీలు, పట్టాదారు పాసు పుస్తకాలు, భూమి దస్తావేజులు, పెన్షన్ కాగితాలు, పాత రేషన్ కార్డులు. దస్తావేజుల్లో ప్రతి మనిషి పేరు పక్కనా తండ్రి పేరో భర్త పేరో ఉంటుంది. ఆడపిల్లకు పసుపు కుంకుమల కింద భూమి రాసిచ్చిన దస్తావేజు ఉంటే అది బంగారమే, ఎందుకంటే అందులో ఆమె పేరు తప్పకుండా ఉంటుంది. చర్చికి వెళ్లే కుటుంబాలకు బాప్తిస్మం, వివాహం, సమాధి రిజిస్టర్లు ఉంటాయి. కాశీ, గయ వెళ్లొచ్చిన ఇళ్లలో అక్కడి పండాల పేర్లు గుర్తుంటాయి. యాత్రికుల ఊరు, తండ్రి తాతల పేర్లు రాసిపెట్టుకోవడం వాళ్ల వృత్తిలో భాగం.

నేను ఈ మొదటి మెట్టు సరిగా ఎక్కకుండానే రెండో మెట్టు మీదకు దూకాను. దాని ఫలితం ఏమైందో చివర్లో చెబుతాను.

సంవత్సరం పట్టుకోవడం ఎలా?

మరణ రిజిస్టరులో వెతకాలంటే కనీసం ఏ సంవత్సరమో తెలియాలి. మన పెద్దలు సంవత్సరాన్ని అంకెల్లో చెప్పరు. "తుఫాను వచ్చిన ఏడు", "పెద్దోడు పుట్టిన మరుసటేడు" అంటారు. వీటిని కొట్టిపారేయకండి. ఇవే మన ఆధారాలు.

మా ఇంటి ఉదాహరణే చెబుతాను. మాది ఇప్పటి విజయనగరం జిల్లాలో ఒక పల్లె. తాతయ్య బతికున్నప్పుడు నాన్నతో అంటుండేవారట: "వైజాగు మీద బాంబులు పడ్డ ఏడు నాకు మూడేళ్లు. అమ్మ పోయేటప్పటికి ఆరేళ్లు." విశాఖపట్నం మీద జపాన్ విమానాలు బాంబులు వేసింది 1942 ఏప్రిల్ 6న. అంటే తాతయ్య 1939 ప్రాంతంలో పుట్టారు, వాళ్లమ్మ 1945 ప్రాంతంలో పోయారు. అయితే తాతయ్య టీసీలో పుట్టిన తేదీ 1937 జూలై 1 అని ఉంది. ఆ తేదీని బట్టి లెక్కేస్తే ఆమె పోయింది 1943. ఏది నిజం? పాతకాలంలో బడిలో చేర్చేటప్పుడు వయసు సరిపోవడానికి అయ్యవారే ఒక తేదీ వేసేవారు. మీ ఇళ్లలో కూడా జూలై 1న పుట్టిన పెద్దలు ఒకరిద్దరు ఉండే ఉంటారు! అందుకని నేను 1943 నుంచి 1946 దాకా వెతకాలని నిర్ణయించుకున్నాను. ఒక్క సంవత్సరం కాదు, ఒక వ్యవధి పెట్టుకోవాలి. ఇది పిల్లలకు బాగా అర్థమయ్యేలా చెప్పండి.

గుర్తులుగా పనికొచ్చే తేదీలు ఇంకొన్ని: 1948 సెప్టెంబరు 17 హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలిసిన రోజు, 1953 అక్టోబరు 1 ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజు, 1956 నవంబరు 1 ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజు, 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన.

కొన్ని ఇళ్లలో తెలుగు సంవత్సరం పేరు గుర్తుంటుంది. ఈ పేర్లు 60 ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. "వికృతి నామ సంవత్సరం" అంటే 1890-91 కావచ్చు, 1950-51 కావచ్చు, 2010-11 కావచ్చు. మనిషి వయసును బట్టి ఏ చుట్టో తేల్చుకోవాలి. తద్దినం పెట్టే ఇళ్లలో మాసం, పక్షం, తిథి తరతరాలుగా గుర్తుంటాయి, కానీ సంవత్సరం మరిచిపోతారు. రిజిస్టరులో దొరికిన తేదీని ఆ ఏటి పంచాంగంతో సరిచూస్తే, తిథి కలిసిందంటే మీకు దొరికిన మనిషి సరైన మనిషే అనడానికి గట్టి ఆధారం ఉన్నట్టే.

భూమి కాగితాల మీద ఫసలీ సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది. ఫసలీ 1360 అంటే 1950-51. ఈ లెక్క మీ ఐదో తరగతి పిల్లలు కూడా చేయగలరు.

మరణ రిజిస్టరు ఎక్కడ ఉంటుంది?

జనన మరణాల నమోదు మన దగ్గర కొత్తదేమీ కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో దీనికోసం 1899లోనే ఒక చట్టం వచ్చింది. పల్లెల్లో ఈ పుస్తకాలు గ్రామాధికారుల చేతిలో ఉండేవి. స్వాతంత్ర్యం తర్వాత దేశమంతటికీ ఒకే చట్టంగా జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. చాలా రాష్ట్రాల్లో అది 1970 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పుట్టినా పోయినా 21 రోజుల్లోగా తెలియజేయాలన్నది ఈ చట్టం కిందనే.

ఇప్పుడు పల్లెల్లో అయితే పంచాయతీ సెక్రటరీని, పట్టణాల్లో అయితే మునిసిపల్ ఆఫీసులో జనన మరణాల విభాగాన్ని అడగాలి. పాత పుస్తకాలు కొన్నిచోట్ల తహసీల్దార్ ఆఫీసు రికార్డు గదిలో ఉంటాయి. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాక రికార్డులు చేతులు మారాయి. చెదలు, వానలు, ఆఫీసు మార్పులు వాటిలో కొన్నింటిని మింగేశాయి. కాబట్టి దొరకకపోవడానికి కూడా సిద్ధపడి వెళ్లండి. అక్కడి సిబ్బందిని కోప్పడితే ఉపయోగం లేదు. పేరు, ఊరు, వ్యవధి స్పష్టంగా రాసిన అర్జీ పెడితే వాళ్ల పనీ సులువవుతుంది.

చట్టం మనకు ఒక మంచి అవకాశం ఇచ్చింది. నిర్ణీత రుసుము కట్టి రిజిస్టరులో ఒక నమోదును వెతికించమని ఎవరైనా అడగవచ్చు, దాని నకలు తీసుకోవచ్చు. అయితే మరణ నమోదు నకలులో మరణ కారణం మాత్రం ఇవ్వరు. ఇది చట్టంలోనే ఉంది. పోయినవాళ్ల జబ్బు సంగతి ఊరందరికీ తెలియాల్సిన అవసరం లేదు కదా.

వెళ్లేముందు మీ ఊరు అప్పట్లో ఏ తాలూకా, ఏ జిల్లాలో ఉండేదో తెలుసుకోండి. మండలాలు 1985లో వచ్చాయి. అంతకుముందు తాలూకాలు. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979లో. అందుకే 1945లో మా ఊరు విశాఖపట్నం జిల్లా కింద ఉంది. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు మళ్లీ మారాయి. ఇప్పటి జిల్లా పేరుతో పాత పుస్తకం అడిగితే "మా దగ్గర లేదు" అనే సమాధానమే వస్తుంది.

రిజిస్టరు దొరకకపోతే భూమి రికార్డు చూడండి. పట్టాదారు పోయాక వారసుల పేరు మీదకు భూమి మార్చడాన్ని ఆంధ్రలో ఫౌతీ అని, తెలంగాణలో విరాసత్ అని అంటారు. ఆ కాగితాల్లో పోయినవారి పేరు, వారసుల పేర్లు వరసగా ఉంటాయి. తెలంగాణ కుటుంబాలకు 1954-55 నాటి ఖాస్రా పహాణీ మంచి ఆధారం.

గడులు చదవడం ఒక విద్య

పాత రిజిస్టరులో ప్రతి అంకెనూ నమ్మకూడదు, ప్రతి అంకెనూ కొట్టిపారేయకూడదు. వయసు గడిలో 25, 30, 40, 60 లాంటి అంకెలే ఎక్కువగా కనిపిస్తాయి. జనం అందరూ ఐదో ఎక్కంలో చనిపోయారని కాదు. పుట్టిన తేదీ తెలియనప్పుడు మనం గుండు లెక్క చెబుతాం. "ఎంత వయసుంటుంది?" "ముప్పై ఉంటాయి." జనగణనలోనూ ఇదే జరుగుతుంది. కాబట్టి రిజిస్టరులో 30 అని ఉంటే 26 నుంచి 34 దాకా ఏదైనా కావచ్చనుకోండి.

పేరు గడిలో ఇంకా జాగ్రత్త అవసరం. మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెడతాం. ఒకే ఊళ్లో ఒకే ఇంటి పేరుతో, ఒకే పేరుతో ముగ్గురు ఉండవచ్చు. తండ్రి పేరు కలిస్తే తప్ప మనవాళ్లే అనుకోకూడదు. ఇంట్లో పిలిచే పేరు ఒకటి, రాయించిన పేరు ఇంకొకటి ఉంటుంది.

ఒక్క వరసతో ఆగిపోకుండా ముందు వెనకల పేజీలు కూడా చూడమని అడగండి. ఒకే నెలలో ఊళ్లో మరణాలు గుంపుగా కనిపిస్తే ఏదో జరిగిందని అర్థం. ఉదాహరణకు 1918 చివరి నెలల్లో మన దేశమంతటా విషజ్వరం, అంటే అప్పటి ఇన్‌ఫ్లుయెంజా, ఊళ్లకు ఊళ్లను ఊడ్చేసింది. తెలుగు లెక్కలో అది కాళయుక్తి నామ సంవత్సరం. ఆ దెబ్బ జనగణనలో కూడా కనిపిస్తుంది. ఇప్పటి భారతదేశపు సరిహద్దుల్లో చూస్తే 1911లో సుమారు 25.21 కోట్లున్న జనాభా 1921 నాటికి సుమారు 25.13 కోట్లకు తగ్గింది. ఇన్ని జనగణనల్లో జనాభా తగ్గిన దశాబ్దం అదొక్కటే.

జనగణనలో తాతయ్య పేరు దొరుకుతుందా?

ఇది చాలామంది తల్లిదండ్రులు అడిగే ప్రశ్న. సూటి సమాధానం: దొరకదు. అమెరికాలో 72 ఏళ్లు, ఇంగ్లండులో 100 ఏళ్లు గడిచాక జనగణన కాగితాలను పేర్లతో సహా జనానికి తెరుస్తారు. అమెరికా 1950 జనగణన, ఇంగ్లండు 1921 జనగణన రెండూ 2022లో అందుబాటులోకి వచ్చాయి. మన దగ్గర 1948 జనగణన చట్టం ప్రకారం ఇంటింటి వివరాలు రహస్యం. వాటిని ఎవరూ తనిఖీ చేయడానికి వీల్లేదు. కోర్టులో సాక్ష్యంగా కూడా సాధారణంగా చెల్లవు. "నా మాట బయటికి పొక్కదు" అనే నమ్మకం ఉంటేనే జనం నిజం చెబుతారన్నది దీని వెనుక ఆలోచన.

మరి జనగణన మనకు ఎందుకు పనికొస్తుంది? మనిషి పేరు చెప్పదు కానీ ఆ మనిషి బతికిన ఊరు ఎలా ఉండేదో చెబుతుంది. దేశమంతటా ఒకేసారి జరిగిన తొలి జనగణన 1881లో. అప్పటినుంచి 2011 దాకా పదేళ్లకోసారి జరిగింది. 1951 నుంచి జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్కులు ఉన్నాయి. వాటిలో ఊరి వారీగా జనాభా, ఇళ్లు, చదువుకున్నవారి లెక్కలు దొరుకుతాయి. జనగణన శాఖ వెబ్‌సైటులో చాలావాటిని ఉచితంగా చూడవచ్చు. మీ పిల్లలతో కలిసి మీ ఊరి పేరు వెతికి చూడండి.

1951లో మన దేశంలో అక్షరాస్యత 18.33 శాతం. ఆడవాళ్లలో 8.86 శాతం. వందమంది ఆడవాళ్లలో తొమ్మిదిమందికి కూడా చదవడం రాయడం రాదు. దస్తావేజు చివర అవ్వ వేలిముద్ర ఎందుకుందో పిల్లలకు ఈ ఒక్క అంకెతో అర్థమవుతుంది.

ఇంకో లెక్క. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో మన సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్లు. ఇది వినగానే పిల్లలు "అప్పుడు అందరూ 32కే చనిపోయేవారా?" అని అడుగుతారు. కాదు. ఐదుగురిలో ఇద్దరు ఏడాదికే పోయి, ముగ్గురు అరవై దాకా బతికారనుకోండి. మొత్తం 182, ఐదుతో భాగిస్తే 36.4. సగటును కిందికి లాగింది ఆ ఇద్దరు పసిపిల్లలు. మరణ రిజిస్టరులో వయసు గడి చూస్తే ఈ లెక్క ఎక్కడినుంచి వచ్చిందో కళ్లకు కడుతుంది.

వచ్చే జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. గణకులు మీ ఇంటికి వచ్చినప్పుడు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. ఇంట్లో అందరి పేర్లూ వయసులూ సరిగా చెప్పడం కూడా చరిత్ర రాయడమే.

సముద్రం దాటినవాళ్లు

"మా తాత రంగం వెళ్లి తిరిగి రాలేదు" అనే మాట ఉత్తరాంధ్రలోనూ గోదావరి జిల్లాల్లోనూ చాలా ఇళ్లలో వినిపిస్తుంది. రంగం అంటే రంగూన్. 1942లో బర్మా మీద జపాన్ దాడి చేసినప్పుడు లక్షలమంది భారతీయులు అక్కడినుంచి బయలుదేరారు. దారిలోనే పోయినవాళ్లకు రిజిస్టరు లేదు. అలాంటి చోట కథే రికార్డు. రాసిపెట్టండి.

దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు 1860 నుంచి 1911 దాకా ఒప్పంద కూలీలుగా వెళ్లిన 1,52,000 మందికి పైగా భారతీయుల సంగతి వేరు. వాళ్ల ఓడ జాబితాలు భద్రంగా ఉన్నాయి. మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చల వరకు రాశారు. ఫిజీ, మారిషస్ వెళ్లినవారికీ ఇలాంటి రికార్డులున్నాయి. మారిషస్‌లో మోకా దగ్గరి మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వాటిని దాచారు. అక్కడి తెలుగు కుటుంబాలు ఈ జాబితాలు పట్టుకునే మన ఊళ్లకు వెతుక్కుంటూ వస్తుంటాయి. ఊరొదిలి వెళ్లినవాళ్ల వివరాలు కాగితం మీద అంత వివరంగా ఉండి, ఊళ్లోనే ఉండిపోయినవాళ్లవి లేకపోవడం చిత్రమే.

మా రిజిస్టరులో దొరికింది

నాన్న, నేను కలిసి అర్జీ పెట్టాం. 1943, 1944 పుస్తకాలు లేవన్నారు. 1945 పుస్తకం ఉంది. అట్టలు ఊడిపోయి, అంచులు పొడిపొడి అవుతున్న పుస్తకం. వారం తర్వాత పిలిచారు. దొరికింది.

తేదీ ఉంది. ఊరు ఉంది. వయసు 25 అని ఉంది. పేరు గడిలో ఆమె పేరు లేదు. మా ముత్తాత పేరు రాసి, పక్కన "భార్య" అని మాత్రం ఉంది.

ఆఫీసు బయట వేపచెట్టు కింద నిలబడి ఆ నకలు చదువుకున్నాను. ఇంత వెతికింది ఆ పేరు కోసమే. మరణ కారణం నకలులో రాదు కాబట్టి ఎలా పోయిందో కూడా తెలియలేదు. నాన్నకే ఎందుకో తట్టింది. లోపలికి వెళ్లి, "అదే నెల జననాల పుస్తకం కూడా ఒకసారి చూస్తారా?" అని అడిగారు. ఆ ఉద్యోగి విసుక్కోకుండా చూశారు. తాతమ్మ పోవడానికి తొమ్మిది రోజుల ముందు మా ముత్తాతకు ఆడపిల్ల పుట్టినట్టు ఉంది. మళ్లీ మరణాల పుస్తకం తిప్పితే మూడు వారాల తర్వాత ఆ పసిపాప పోయినట్టు ఉంది. అక్కడా పేరు గడి ఖాళీయే. పేరు పెట్టేలోపే పోయింది కాబోలు.

తాతయ్యకు ఒక చెల్లెలు ఉండేదని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. బహుశా ఆరేళ్ల పిల్లాడికి గుర్తు లేకపోయుండొచ్చు, లేదా గుర్తుండీ చెప్పలేదేమో. తాతమ్మ పురుడు వికటించి పోయిందని మేం అనుకుంటున్నాం. అది మా ఊహే. రిజిస్టరు మూడు తేదీలు చెప్పింది, అంతకుమించి చెప్పలేదు. ఈ తేడా పిల్లలకు తప్పకుండా నేర్పాలి: కాగితం మీద ఉన్నది ఏది, మనం దాని నుంచి అనుకున్నది ఏది. చార్టు మీద మొదటిది పెన్నుతో, రెండోది పెన్సిల్‌తో రాయమనండి.

ఇంటికొచ్చి నాన్నమ్మకు చెప్పాను, తేదీ దొరికింది కానీ పేరు దొరకలేదని. ఆవిడ నా వంక అదోలా చూసింది. "దాని కోసం ఆఫీసుకెళ్లారా? అరవై ఏళ్ల నుంచి పండక్కి మా అత్తకి చీర పెడుతున్నాను. పేరు చెప్పకుండా పెడతాననుకున్నావా?"

సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టడం మా వైపు ఆనవాయితీ. ప్రతి ఏడాదీ నాన్నమ్మ గోడ దగ్గర ముగ్గు వేసి, కొత్త చీర పెట్టి, ఎప్పుడూ చూడని అత్తగారిని పేరుపెట్టి పిలిచి దణ్ణం పెట్టుకుంటుంది. చిన్నప్పటి నుంచి ఆ గదిలోనే అరిసెలు తింటూ తిరిగాను. ఒక్కసారి కూడా వినలేదు. పేరు నాన్నమ్మ దగ్గర ఉంది, తేదీ రిజిస్టరులో ఉంది. ఏ ఒక్కదాన్ని నమ్ముకున్నా సగమే దొరికేది.

మరుసటి రోజు క్లాసులో ఆ అమ్మాయికి మా తాతమ్మ పేరు చెప్పాను.

సంక్రాంతి సెలవుల పని

పిల్లలకు ఇస్తున్న పని ఇది. మార్కులు లేవు.

ఒకటి, ఇంట్లో అందరికంటే పెద్దవారితో అరగంట కూర్చుని వాళ్ల అమ్మ, నాన్నమ్మ, అమ్మమ్మల పేర్లు, పుట్టిన ఊళ్లు అడిగి రాయాలి. రెండు, వాళ్లు చెప్పిన ఒక సంఘటనకు సంవత్సరం లెక్కకట్టాలి. ఎలా లెక్కకట్టారో కూడా రాయాలి. మూడు, ఇంట్లో ఉన్న ఒక పాత కాగితం చూసి, అందులోని వివరం పెద్దలు చెప్పినదానితో కలుస్తోందో లేదో పోల్చాలి. నాలుగు, వీలైతే మీ ఊరి 1951 లేదా 1961 జనాభా లెక్క కనుక్కోవాలి. ఆఫీసుకు వెళ్లడం పెద్దల ఇష్టం. పిల్లలను ఒంటరిగా పంపవద్దు.

తల్లిదండ్రులకు మూడు మనవులు. బతికున్నవారి పుట్టిన తేదీలు, ఆధార్ నంబర్లు, చిరునామాలు చార్టు మీద రాయించవద్దు. పాత రికార్డుల్లో కులం గడి ఉంటుంది, దాన్ని క్లాసుకు తేవాల్సిన అవసరం లేదు. అన్నిటికంటే ముఖ్యమైనది మూడోది. అందరి ఇళ్లూ ఒకేలా ఉండవు. దత్తత వచ్చిన పిల్లలు, ఒంటరి అమ్మో నాన్నో పెంచుతున్న పిల్లలు, చెప్పుకోవడానికి ఇష్టపడని కథలున్న ఇళ్లు ఉంటాయి. వాళ్ల చెట్టులో "నన్ను పెంచినవాళ్లు" అని రాసినా అది పూర్తి చెట్టే. ఇష్టం లేకపోతే వాళ్లు ఈ పని బదులు మీ వీధిలోనో అపార్టుమెంటులోనో ఒక పెద్దావిడ కథ రాసుకురావచ్చు. ముందుగా నాకు ఒక మాట చెబితే చాలు, డైరీలో రాసినా సరే.

ఈ పండక్కి మా ఇంట్లో తాతమ్మ చీర పక్కన ఒక చిన్న గౌను కూడా పెట్టాలని నాన్నమ్మ చెప్పింది. సైజు ఎంత తేవాలని నాన్న అడిగితే "పురిటి పిల్లకి ఎంతుంటుందో అంతే" అంది. ఏ పేరుతో పిలవాలన్నది ఇంకా తేల్చుకోలేదు.

మీ ఇంటిల్లిపాదికీ సంక్రాంతి శుభాకాంక్షలు. సెలవుల తర్వాత మీ పిల్లలు తెచ్చే పేర్ల కోసం ఎదురుచూస్తుంటాను.